ఇంజిన్ కవర్ పెయింట్ పెచ్చులూడకుండా నిలిచింది - నా అనుభవం

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. ఉప్పుగాలికి బైక్ ఇంజిన్ పక్క కవర్లు తెల్లగా పొక్కిపోతాయి. రంగు వేస్తే ఇంజిన్ వేడికి పెచ్చులుగా లేచిపోయేది. మామూలు స్ప్రే, ప్రైమర్ మీద స్ప్రే, మందపాటి పూత, ఏదీ నిలవలేదు.

నిలిచింది ఇలా. ఆయిల్ దింపి, కవర్ విప్పి, డీజిల్‌తో మడ్డి వదిలించాను. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ డీజిల్ తన జిడ్డు పొర వదిలిపోతుంది. అందుకే వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో గట్టిగా తోమాను. నీళ్లు పోస్తే పలచగా పరుచుకోవాలి. ముత్యాల్లా చుక్కలు కట్టాయంటే అక్కడ ఇంకా నూనె ఉన్నట్టే, మళ్లీ తోమాల్సిందే. అసలు కీలకం ఇదేనని నా నమ్మకం. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, అల్యూమినియాన్నే తినేస్తుంది.

ఆరాక 320 నంబర్ ఎమ్రీ పేపర్ పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచాను. ఆ తర్వాత వట్టి చెయ్యి తగలనివ్వలేదు. గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా కవర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే పలచటి పొర) కూర్చునే అంచుకి మాస్కింగ్ టేప్ వేశాను. మధ్యాహ్నం ఎండకి కవర్ గోరువెచ్చనయ్యాక, నీడలో పెట్టి హీట్‌ప్రూఫ్ స్ప్రే మూడు పలచటి పూతలు కొట్టాను.

ఈ పెయింట్ వేడికే పూర్తిగా గట్టిపడుతుంది. అందుకే కొత్త గ్యాస్కెట్‌తో బిగించి, ఆయిల్ పోసి, ఇంజిన్ కాసేపు ఐడిల్‌లో నడిపి చల్లారనిచ్చాను. మళ్లీ ఇంకాస్త ఎక్కువసేపు నడిపాను.

తుఫాన్ల సీజన్ దాటినా పెచ్చు లేవలేదు. సైలెన్సర్ వేడి చాలా ఎక్కువ, అక్కడ ఇది ఆగుతుందని చెప్పలేను. ఇనుప భాగాల మీద నేను ప్రయత్నించలేదు. పూతల మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద చూసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది.