ఎంఎస్ ఫాల్ అప్లికేషన్లు వేసే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

సెప్టెంబర్ వచ్చిందంటే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలన్నీ కిటకిటలాడతాయి. అమెరికాలో వచ్చే ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి అప్లై చేసే సీజన్ ఇదే, పేరున్న యూనివర్సిటీల డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్ మొదటి రెండు వారాల్లో పడతాయి, మిగతావి జనవరి నుంచి మార్చి దాకా నడుస్తాయి. అప్లికేషన్ నింపడం కష్టమేం కాదు. కానీ ఈ ఆరేడు నెలల్లో ఎక్కడో పడ్డ ఒక తప్పు వీసా ఇంటర్వ్యూలోనో, ఎయిర్‌పోర్ట్ ఇమిగ్రేషన్ దగ్గరో, నాలుగేళ్ల తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా పేపర్లలోనో బయటపడొచ్చు. అందుకే అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఒకటే, కన్సల్టెన్సీ సాయం తీసుకోండి, తీసుకోకపోండి, అప్లికేషన్ మాత్రం మీ చేతిలోంచి పోనివ్వొద్దు. చివర్లో "ఇందులో రాసినవన్నీ నిజం" అని ఒప్పుకుంటూ సబ్మిట్ అయ్యేది మీ పేరు మీదే, రేపు ఏదైనా తేడా వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది కూడా మీరే.

మొదట ఈమెయిల్ సంగతి. చాలాచోట్ల స్టూడెంట్ పేరు మీద కొత్త జీమెయిల్ కన్సల్టెన్సీవాళ్లే క్రియేట్ చేసి పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు, అప్పుడు యూనివర్సిటీ నుంచి "మీ ట్రాన్‌స్క్రిప్ట్ అందలేదు" అని మెయిల్ వచ్చినా మీకు తెలీదు, తెలిసేసరికి ఫైల్ ఇన్‌కంప్లీట్ అని పక్కన పడుంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఏంటంటే మీ ఫారంలో ఏం నింపారో మీరు చూడలేదు, బ్యాక్‌లాగ్స్ తగ్గించి వేశారో, చెయ్యని ఇంటర్న్‌షిప్ పెట్టారో, ఇంకో స్టూడెంట్ ఎస్ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసంలో) పేరు మార్చి అప్‌లోడ్ చేశారో. మీ సొంత మెయిల్, మీ ఫోన్ నంబర్, మీ పాస్‌వర్డ్ ఉండాలి, సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదివి పీడీఎఫ్ దాచుకోవాలి. ఫీజు ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 60 నుంచి 150 డాలర్ల దాకా ఉంటుంది, కట్టాక వెనక్కి రాదు, కాబట్టి ఎవరో ఇచ్చిన లిస్ట్‌లో పదిహేను పేర్లున్నాయని అన్నిటికీ కట్టేయొద్దు.

ఆ లిస్ట్ ఎలా తయారైందో కూడా అడగండి. "ఫ్రీగా చేసిపెడతాం" అనేవాళ్లకి డబ్బులు యూనివర్సిటీ ఇచ్చే కమీషన్ రూపంలో వస్తాయి. అమెరికా స్టూడెంట్లని చేర్పిస్తే తలకింత అని కమీషన్ ఇవ్వడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు గానీ, బయటి దేశాల్లో ఉండే మనలాంటి వాళ్ల విషయంలో మినహాయింపు ఉంది. అంటే అందులో నేరం లేదు, కానీ కమీషన్ ఇవ్వని మంచి స్టేట్ యూనివర్సిటీ మీ లిస్ట్‌లోకి రాకపోవచ్చు. మీ ప్రొఫైల్‌కి సరిపోయేవి ఏవో డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లు తెరిచి మీరే ఒక వారం కూర్చుని చూసుకోండి, ఆ వారం వేస్ట్ కాదు.

పేరు. ఇది చిన్న విషయం అనుకుంటారు, కానీ మనవాళ్లకి బాగా తలనొప్పి పెట్టేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బీటెక్ మెమోలో ఇనిషియల్ ఒక్కటే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లోనేమో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టేసి ఉంటారు. అలా ఒక్క గడిలోనే పేరుంటే అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, ఫస్ట్ నేమ్ దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది, ఫస్ట్ నేమ్ తెలీదు అని దానర్థం, తర్వాత డ్రైవింగ్ లైసెన్స్ నుంచి అన్నిటికీ అదే వెంటపడుతుంది. కాబట్టి జీఆర్ఈ, టోఫెల్ బుక్ చేయకముందే పాస్‌పోర్ట్ తీసి చూసుకోండి, ఇంటిపేరు సర్‌నేమ్‌లో, మీ పేరు గివెన్ నేమ్‌లో లేకపోతే ఇప్పుడే రీఇష్యూకి పెట్టండి. పరీక్ష రిజిస్ట్రేషన్‌లో స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌తో అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజు కూడా పోతుంది.

ట్రాన్‌స్క్రిప్ట్స్ కోసం జేఎన్‌టీయూ అయినా ఓయూ అయినా డెడ్‌లైన్‌కి రెండు నెలల ముందే అప్లై చేసుకోండి, నవంబర్ చివర్లో అందరూ ఒకేసారి పడతారు. బ్యాక్‌లాగ్స్ ఉంటే అన్ని మెమోలూ పెట్టండి, దాచొద్దు. సీజీపీఏ 10కి ఎంతుంటే అంతే వేయండి, యూనివర్సిటీ అడగకుండా మీ అంతట మీరు 4 స్కేల్‌కి మార్చి రాయొద్దు, అడ్మిషన్స్ ఆఫీసుల్లో ఇండియా మార్కులు చూడటం అలవాటైన వాళ్లే ఉంటారు.

రికమెండేషన్ లెటర్ల విషయంలో యూనివర్సిటీ లింక్ మీ ప్రొఫెసర్‌కే వెళ్తుంది, వీలైనంత వరకు కాలేజీ అఫీషియల్ ఐడీ ఇవ్వండి, సార్ పేరు మీద ఇంకొకళ్లు జీమెయిల్ తెరిచి లెటర్ పెట్టడం అంటే ఫోర్జరీ, దాన్ని వేరే పేరుతో పిలవడానికి లేదు. లింక్ పంపిన రోజే సార్‌కి ఫోన్ చేసి స్పామ్ ఫోల్డర్ కూడా చూడమని చెప్పండి. ఫారంలో ఆ లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతుంది, వదులుకుంటాను అనే పెట్టండి, లేకపోతే ఆ లెటర్‌కి అంత విలువ ఇవ్వరు. ఎస్ఓపీ మాత్రం మీరే రాయండి, ఇంగ్లిష్ కాస్త అటూ ఇటూ ఉన్నా పర్లేదు, మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో ఏది పనిచేయలేదు, దాన్ని ఎలా సరిచేశారు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏ ల్యాబ్ పని మీకు నచ్చింది, ఇవి మీరు తప్ప ఎవరూ రాయలేరు. చిన్నప్పట్నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అని మొదలయ్యేవి అడ్మిషన్స్ ఆఫీసుల దగ్గర కుప్పలుగా ఉంటాయి.

జీఆర్ఈ 2023 సెప్టెంబర్ నుంచి రెండు గంటల లోపే అయిపోయే పరీక్ష, స్కోర్ 5 ఏళ్లు చెల్లుతుంది, చాలా యూనివర్సిటీలు ఇప్పుడు అడగట్లేదు కూడా. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షకి "వెనకనుంచి మేం రాస్తాం, ఇంత ఇవ్వండి" అని మెసేజ్‌లు వస్తే వెంటనే బ్లాక్ చేయండి, స్కోర్ వచ్చాక కూడా పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ క్యాన్సిల్ చేయగలదు, అప్పటికి మీ అప్లికేషన్లన్నీ ఆ స్కోర్ మీదే నిలబడి ఉంటాయి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం, యూనివర్సిటీ నిజమైనదేనా అన్నది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు అందులో చేరిన స్టూడెంట్లలో మన తెలుగు పిల్లలే చాలామంది, కొందరికి కాళ్లకి రేడియో ట్యాగ్‌లు తగిలించారు, దాన్ని నడిపినావిడకి 2014లో 16 ఏళ్లకి పైగా జైలు పడింది. అయినా మనం నేర్చుకోలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది, అదసలు యూనివర్సిటీనే కాదు, హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు పెట్టిన అండర్‌కవర్ ఆపరేషన్, క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు. స్టూడెంట్లని చేర్పించిన 8 మంది రిక్రూటర్లని అరెస్ట్ చేశారు, మొదటి కొద్ది రోజుల్లోనే 129 మంది ఇండియన్ స్టూడెంట్లు డిటెన్షన్‌లోకి వెళ్లారు, వాళ్లలో మనవాళ్ల తల్లిదండ్రులు ఇక్కడ ఎంత ఏడ్చారో ఆ రోజుల్లో టీవీ చూసినవాళ్లందరికీ గుర్తే. గమనించాల్సింది ఏంటంటే, ఫార్మింగ్టన్ పేరు అప్పట్లో గవర్నమెంట్ అప్రూవ్డ్ స్కూళ్ల లిస్ట్‌లో కూడా ఉంది. అంటే లిస్ట్‌లో పేరుంటే చాలు అనుకోవడానికి లేదు.

కాబట్టి మూడు నాలుగు వైపుల నుంచి చూడండి. అమెరికా విద్యాశాఖ అక్రెడిటేషన్ (చదువు ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు) డేటాబేస్‌లో పేరుందా, ఆ అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థకి ఇంకా గుర్తింపు ఉందా (ఏసీఐసీఎస్ అనే సంస్థకి 2022లో గుర్తింపు తీసేశారు), మీ డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాకల్టీ పేజీ తెరిస్తే నిజమైన మనుషులు, వాళ్ల పేపర్లు కనిపిస్తున్నాయా, ఈ సెమిస్టర్ క్లాస్ టైంటేబుల్ ఉందా, అమెరికన్ స్టూడెంట్లు కూడా చదువుతున్నారా, లేక అందరూ మనవాళ్లేనా. ఇప్పుడు చదువుతున్న సీనియర్ ఒకళ్లని లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని వారానికి ఎన్ని క్లాసులు జరుగుతున్నాయో అడగండి. "చేరిన మొదటి రోజు నుంచే జాబ్ చేసుకోవచ్చు, క్లాసులకి వెళ్లక్కర్లేదు" అని ఎవరైనా చెప్తే అక్కడితో ఆ మాట ఆపేయండి. ఎఫ్‌1 వీసా ఇచ్చేది చదువుకోవడానికి, క్లాసుకి వెళ్లకుండా స్టేటస్ నిలబడదు, పైగా ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగా కోర్సులో భాగంగా పనిచేసే పర్మిషన్) 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి వచ్చే ఓపీటీ (చదివిన సబ్జెక్టులో ఉద్యోగం చేసుకునే పర్మిషన్) పోతుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడే దాని సీఐపీ కోడ్, అంటే అది ఏ సబ్జెక్టు కిందకి వస్తుందో చెప్పే నంబర్, కనుక్కోండి. 12 నెలల ఓపీటీ అందరికీ ఉంటుంది, దాని పైన 24 నెలల ఎక్స్‌టెన్షన్ మాత్రం ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్ట్‌లో ఉంటేనే వస్తుంది. ఒకేలాంటి పేరున్న కోర్సు ఒక యూనివర్సిటీలో స్టెమ్ అయ్యుంటుంది, ఇంకోదాంట్లో కాకపోవచ్చు. అడ్మిషన్స్ ఆఫీసుకి ఒక్క మెయిల్ పెడితే చెప్పేస్తారు.

డబ్బు లెక్క ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని ఇప్పుడే వేసుకోండి. ఐ20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం కనీసం మొదటి ఏడాది ఖర్చు చూపించాలి, సేవింగ్స్, ఎఫ్‌డీ, లోన్ శాంక్షన్ లెటర్ లాంటివైతే తీసుకుంటారు, పొలం విలువ వేయించిన సర్టిఫికెట్‌ని చాలా యూనివర్సిటీలు లెక్కలోకి తీసుకోవు. అద్దెకి బ్యాలెన్స్ చూపిస్తాం అనేవాళ్ల దగ్గరికి పోవద్దు, దొంగ పేపర్లతో వీసా అడిగారని తేలితే ఆ మచ్చ పర్మనెంట్‌గా ఉండిపోతుంది. పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేస్తాను అని కూడా లెక్క వేయొద్దు, సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పర్మిషన్, అదీ దొరికితేనే.

అడ్మిట్లు వచ్చాక తొందరపెట్టే ఫోన్లు మొదలవుతాయి, "రేపటిలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది" అని. డెడ్‌లైన్ ఎంతో మీ అడ్మిట్ లెటర్‌లోనే ఉంటుంది, అది చూడండి. ఫండింగ్‌తో ఆఫర్ వచ్చినవాళ్లకైతే ఏప్రిల్ 15 దాకా టైమ్ ఇవ్వాలని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లు చాలావరకు ఒప్పందం చేసుకున్నాయి.

అలాగని అడ్మిట్ తేల్చుకున్నాక ఐ20 ఆలస్యం చేయొద్దు. 2025 మే చివర్లో స్టూడెంట్ వీసా కొత్త స్లాట్లు ఒక్కసారిగా ఆపేశారు, జూన్‌లో మళ్లీ తెరిచేటప్పుడు సోషల్ మీడియా ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టాలి అన్నారు, అప్పటిదాకా ఆగినవాళ్లు స్లాట్ల కోసం చాలా అవస్థ పడ్డారు. ఐ20 రాగానే దాని మీద పేరు, పుట్టినతేదీ, కోర్సు చూసుకుని 350 డాలర్ల సెవిస్ (విదేశీ స్టూడెంట్ల రికార్డులుంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ఫీజు కట్టి, డీఎస్160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం మీరే నింపండి, అందులో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్ల పేర్లు అడుగుతారు, పాతవి కూడా గుర్తు తెచ్చుకుని రాయండి. ఒకవేళ తర్వాత యూనివర్సిటీ మార్చుకుంటే ఆ 350 మళ్లీ కట్టక్కర్లేదు, కొత్త సెవిస్ నంబర్‌కి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవచ్చు, రసీదు మాత్రం పారేయకండి.