కళలు, వైద్యం, టెక్నాలజీ ఒకే కప్పు కింద: ప్లాన్ గీసే ముందు

మూడు విభాగాలకూ కలిపి ఒకే భవనం కడుతుంటే, ఎలివేషన్ (భవనం బయటికి ఎలా కనిపిస్తుందో చూపే) బొమ్మలు తర్వాత గీయొచ్చు. ముందు ఇవి చూసుకోండి.

• ఎవరి పక్కన ఎవరు? కూచిపూడి హాలు పైన, మైక్రోస్కోపులు కింద పెడితే అడుగు పడ్డ ప్రతిసారీ బొమ్మ వణుకుతుంది. అదురు తట్టుకోలేని పరికరాలన్నీ కింది అంతస్తులో, లిఫ్టుకూ జనరేటర్‌కూ దూరంగా ఉండాలి. ఎంఆర్ఐ పెడుతుంటే అసలు టెన్షన్ అదే. దాని బరువు, అయస్కాంత ప్రభావం, లోపలికి తెచ్చే దారి గోడలు లేవకముందే తేల్చుకోండి. తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

• ఫార్మాలిన్ (శరీర భాగాలు పాడవకుండా ఉంచే రసాయనం) వాసన నాటక రిహార్సల్‌లోకి రాకూడదు. ల్యాబుల గాలి గొట్టాలను విడిగా పైకప్పు దాకా తీసుకెళ్లండి.

• 2003లో తెరిచిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధన భవనం క్లార్క్ సెంటర్‌లో ల్యాబు బల్లలకు చక్రాలున్నాయి, నడవాలు బయట బాల్కనీల్లా ఉంటాయి. చక్రాల ఆలోచన మనకూ పనికొస్తుంది. బాల్కనీలు మాత్రం హైదరాబాద్ ఎండకు, జడివానకు మంచి చూరు లేకుండా వద్దు.

• ర్యాంపు వాలు 1:12 (ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు) కంటే నిటారుగా వద్దు.

• ఎత్తు 15 మీటర్లకు చేరితే జాతీయ భవన నిర్మాణ కోడ్ దాన్ని హైరైజ్‌గా (ఎత్తైన భవనంగా) లెక్కిస్తుంది. ఫైర్ నిబంధనలు ముందే చూసుకోండి.

• క్యాంటీన్ ఒక్కటే చాలు. మూడు విభాగాలవాళ్లు నిజంగా కలిసేది అక్కడే, సెమినార్ హాల్లో కాదు.