టైమింగ్ బెల్టు ఎప్పుడు, ఎలా మార్చాలి? సెల్ఫ్ కొట్టే ముందు చేత్తో రెండు చుట్లు

టైమింగ్ బెల్టు చెప్పి తెగదు. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి. బ్యాటరీ పోయే ముందు రెండు రోజులు మూలుగుతుంది. ఈ బెల్టు మాత్రం నిన్నటిదాకా నిక్షేపంలా ఉండి, ఇవాళ హైవే మీద 80లో పోతుంటే పుటుక్కుమంటుంది. బండి పక్కకు ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలుకన్నా తేలిగ్గా, గిర్రున తిరుగుతుంది, స్టార్ట్ మాత్రం కాదు. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకోవడం) లేని తిరుగుడు అది. అనుభవమున్న మెకానిక్ ఆ శబ్దం ఫోన్‌లో విన్నా చెప్పేస్తాడు.

కింద క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి పైన క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క కాపాడేది ఈ రబ్బరు బెల్టే. తెగిన మరుక్షణం క్యామ్ ఉన్నచోటే ఆగుతుంది, తెరుచుకున్న వాల్వులు అలాగే ఉండిపోతాయి. చాలా ఇంజిన్లలో పిస్టన్లు మాత్రం బండి ఊపుకు పైకొచ్చి వాటిని కొడతాయి. వాల్వులు వంగాక హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దించక తప్పదు. ఆ ఖర్చుతో పోలిస్తే బెల్టు ధర ఏ మూలకు?

నేను ఎక్కువసార్లు చేసింది పాత శాంట్రో జింగ్ 1.1 లీటర్ ఇంజిన్ మీద (1086 సీసీ, 4 సిలిండర్లు, 12 వాల్వులు). అదే పట్టుకుని చెబుతాను. మీ బండికి అసలు బెల్టు ఉందో చెయినుందో ముందు తెలుసుకోండి. మారుతి 800కి బెల్టు. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి, మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకి చెయిను. డస్టర్, వెరిటోల్లోని 1.5 డీజిల్‌కి బెల్టే, పైగా అక్కడ వాటర్ పంపును కూడా అదే తిప్పుతుంది కాబట్టి పంపు కూడా అప్పుడే మార్చేయాలి. శాంట్రోలో పంపు బయటి బెల్టు మీద నడుస్తుంది, ఆ బాధ లేదు.

ఎప్పుడు?

60 వేల కిలోమీటర్లు లేదా 5 ఏళ్ళు, ఏది ముందైతే అది. మాన్యువల్లో ఇంకా ఎక్కువ రాసి ఉండొచ్చు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలంతా ఎండలో నిలబడే బండికి ఆ అంకె నేను ఒప్పుకోను. "తొమ్మిదేళ్ళలో 30 వేలే తిరిగిందండీ, బెల్టు కొత్తదే" అనేవాళ్ళను చూస్తే నాకు నీరసం వస్తుంది. రబ్బరుకు తిరిగిన దూరంతో పాటు వయసు కూడా ఉంటుంది. ఇక సెకండ్ హ్యాండ్ బండి కొంటే మీటరు ఎంత చూపించినా, అమ్మినాయన ఎన్ని ఒట్లు పెట్టినా, మొదట బెల్టు మార్చి తరువాతే సీటు కవర్ల సంగతి చూడండి.

కొనాల్సినవి: బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టి ఉంచే చక్రం), క్రాంక్ ఆయిల్ సీలు (నూనె బయటికి కారకుండా ఆపే రింగు), క్యామ్ సీలు. పాత టెన్షనర్ "బాగానే తిరుగుతోంది" అని ఉంచేయకండి. దాని బేరింగు పట్టేస్తే కొత్త బెల్టును కూడా తినేస్తుంది. సీలు కారితే నూనె బెల్టు మీద పడి రబ్బరు ఉబ్బుతుంది. బెల్టు, టెన్షనర్ కంపెనీవే కొనండి, ఇక్కడ బేరం వద్దు.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, పుల్లీలు (బెల్టులు తిరిగే చక్రాలు) ఉన్న వైపు ముందు చక్రం విప్పి, బండిని స్టాండు మీద నిలపండి. ఉత్త జాకీ మీద వదిలి కిందికి దూరవద్దు. బయటి బెల్టులు, వాటర్ పంపు పుల్లీ తీసేయండి.

క్రాంక్ బోల్టు మొండిది. పానా వేసి దాని పిడిని నేలకు ఆనించి సెల్ఫ్ కొట్టే పద్ధతి కొన్ని షెడ్లలో ఉంది. ఒకసారి ఆ పానా ఎగిరి రేడియేటర్ పక్కన సొట్ట పెట్టడం కళ్ళారా చూశాను. అక్కడ మనిషి మోకాలు ఉండి ఉంటే? ఐదో గేరులో వేసి, పక్క మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమని, పొడుగు పిడితో వదులు చేయండి. వదులయ్యాక న్యూట్రల్, తరువాత స్పార్క్ ప్లగ్గులన్నీ బయటికి. ప్లగ్గులు ఉంటే ఇంజిన్ చేత్తో నెమ్మదిగా తిరగదు, కుదుపుతో దాటిపోతుంది. ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె) కింద చెక్క ముక్క వేసి జాకీ ఆనించి, ఆ వైపు ఇంజిన్ మౌంటు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచేది), తరువాత క్రాంక్ పుల్లీ, కవర్లు విప్పండి.

మార్కులు: అసలు పని ఇదే

ఇక్కడ తొందరపడితే ఇంతవరకు చేసిందంతా దండగ. క్రాంక్ బోల్టు మీద పానా వేసి ఎప్పుడూ కుడికే, గడియారం ముల్లులా తిప్పండి (కొన్ని పాత హోండా ఇంజిన్లు ఎడమకు తిరుగుతాయి, అది వేరే కథ). క్యామ్ పుల్లీ మీది గుర్తు హెడ్డు మీది గుర్తుకు, క్రాంక్ పళ్ళచక్రం మీది గుర్తు ఇంజిన్ ముఖం మీది గుర్తుకు రావాలి. క్రాంక్ గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు కుదురుతుంది, క్యామ్ గుర్తు ఒక్కసారే. అందుకే ముందు క్యామ్ చూడండి.

క్యామ్ పుల్లీలో బరువు తగ్గించడానికి వేసిన కన్నాలను చూసి గుర్తనుకునేవాళ్ళున్నారు. పాత మెకానిక్ పెట్టిన తెల్ల పెయింటు చుక్కలను నమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆయన తప్పు పెట్టి ఉంటే మీరూ అదే తప్పు అచ్చు గుద్దుతారు. పైనుంచి వంగి చూస్తే గుర్తు అరపన్ను పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఫోన్‌ను పుల్లీకి నేరుగా పట్టుకుని ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

టెన్షనర్‌ను వెనక్కి నెట్టి బిగించి, పాత బెల్టు తీసేయండి. సీళ్ళు ఇప్పుడే మార్చండి. ఆ సమయంలో క్రాంక్, క్యామ్ రెండూ కదలకూడదు. కదిలితే మళ్ళీ గుర్తులకు తెచ్చుకోండి. గట్టిగా తగిలిందనిపిస్తే అక్కడే ఆగండి, అది వాల్వు.

కొత్త బెల్టును మడవకండి, మెలిపెట్టకండి, నూనె చేత్తో ముట్టకండి. కింద క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు నుంచి బిగుతుగా లాగుతూ పైకి తెచ్చి క్యామ్ మీదికి ఎక్కించండి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి.

ఈ మాట నెత్తికెక్కడానికి నాకు ఒక బండి పట్టింది. మొదటిసారి చేసినప్పుడు లాగే వైపు కొంచెం వదులు మిగిలింది. గుర్తులు రెండూ అద్దంలో చూసినట్టు కుదిరాయి, కవరు వేసేశాను. ఇంజిన్ తిరగగానే ఆ వదులు టెన్షనర్ వైపు చేరింది, క్యామ్ ఒక పన్ను వెనకబడింది. బండి స్టార్ట్ అయింది గానీ ఐడిల్‌లో స్టీరింగ్ వణుకు, ఎక్కుడు వస్తే రెండో గేరు. మూడు రోజులు ప్లగ్గులు, పెట్రోలు అంటూ తిరిగి, నాలుగో రోజు కవరు మళ్ళీ విప్పాను. క్యామ్ పుల్లీకి 40 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 18. చిన్న తేడా ఏమీ కాదు.

ఇప్పుడు టెన్షనర్ బోల్టులు వదులు చేయండి, స్ప్రింగే బెల్టును లాగుతుంది. క్రాంక్‌ను కుడికి కొద్దిగా, క్యామ్ రెండు పళ్ళు కదిలేంత తిప్పి, అప్పుడు బోల్టులు బిగించండి. బొటనవేలితో మెలితిప్పి బిగువు చూసే అలవాటు చాలామందికి ఉంది. వేళ్ళు మనిషికో రకం, స్ప్రింగుకు ఆ పేచీ లేదు. టెన్షనర్‌ను చేత్తో ఇంకాస్త నెట్టి బిగిస్తే ఈలవేసినట్టు శబ్దం వస్తుంది, బేరింగు తొందరగా పోతుంది.

తరువాత చేత్తో రెండు పూర్తి చుట్లు. సెల్ఫ్‌తో కాదు, క్యామ్ బోల్టు పట్టుకునీ కాదు, క్రాంక్ మీద పానాతోనే. మొదటి చుట్టుకు క్యామ్ గుర్తు కింది వైపు కనిపిస్తే కంగారు పడకండి, రెండో చుట్టుకు పైకి వస్తుంది. రెండు గుర్తులూ కుదరాలి. అరపన్ను తేడా అనిపించినా బెల్టు తీసి మళ్ళీ వేయండి. రాత్రయిపోయిందా, అలాగే వదిలేసి పొద్దున వెలుతురులో చేయండి. నేను ఈ రెండు చుట్లు రెండుసార్లు తిప్పుతాను.

మిగతాదంతా విప్పిన వరుసకు తిరగేసి బిగించడమే. క్రాంక్ బోల్టును మాత్రం టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా), మాన్యువల్ అంకెకు బిగించండి. స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, చెవి పెట్టి వినండి. చివరగా కవరు మీద పెయింటు మార్కరుతో తేదీ, కిలోమీటర్లు రాయండి. స్టిక్కరైతే వేడికి ఊడిపోతుంది.