పాత రైఫిల్‌తో ఆఫ్రికా సఫారీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

ముందు దేశం సంగతి తేల్చుకోండి. కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం. టాంజానియా, నమీబియా లాంటి చోట్ల అనుమతితో వేటాడొచ్చు. ఆయుధం తీసుకెళ్లడానికి కాగితాలు వేరే కావాలి. విమానంలో తూటాలు సాధారణంగా 5 కిలోలకు మించనివ్వరు, ఇంట్లోనే తూచుకోండి.

క్యాలిబర్ (గొట్టం, తూటా సైజు) విషయంలో మోజు కంటే అవసరం చూడండి. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా జింక నుంచి అడవి దున్న దాకా పనికొస్తుంది. ఒక్క రైఫిలే కొనాలంటే నా ఓటు ఆ క్యాలిబర్‌కే.

డబుల్ బ్యారెల్ అయితే అసలు టెన్షన్ ఇక్కడే. రెండు గొట్టాల గుళ్లూ ఒకేచోట తగిలేలా ఒక నిర్దిష్టమైన తూటాకి దాన్ని సరిచేసి ఉంటారు. .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే పెద్ద తూటాకైతే మామూలుగా 500 గ్రెయిన్ల (సుమారు 32 గ్రాముల) గుండు. బరువు, వేగం మారితే రెండు గుళ్లూ రెండు దారులు పడతాయి. కొనే ముందే కాల్చి చూడండి.

గొట్టాల మీది ప్రూఫ్ ముద్రలు (ఏ మందు ఒత్తిడికి పరీక్షించారో చెప్పే గుర్తులు) చదివించుకోండి. పాతకాలపు నల్ల తుపాకీ మందు కోసం చేసిన .450 రైఫిల్‌లో నైట్రో తూటా (ఎక్కువ ఒత్తిడి పుట్టించే పొగలేని మందుది) పెడితే గొట్టం పేలిపోవచ్చు. అనుమానం ఉంటే తుపాకులు బాగుచేసే మనిషికి చూపించాల్సిందే, అమ్మేవాడి మాట చాలదు.

పాత తూటాల క్యాపుల్లోని (మందుని అంటించే అడుగు భాగం) లవణాలు గొట్టాన్ని తుప్పు పట్టిస్తాయి. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి.

రైఫిల్ చెక్క భాగంలో సన్నటి పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడండి.