వీలునామా రాస్తున్నారా, ముందు సాక్షుల సంగతి చూసుకోండి

మా పెదనాన్న వీలునామా తెల్లకాగితం మీద చక్కగానే రాశారు, కానీ సాక్షి సంతకాలు పెట్టించింది తన ఈడు స్నేహితులిద్దరి చేత, ఆయన పోయేసరికి వాళ్లూ లేరు. కోర్టుకెళ్తే కనీసం ఒక సాక్షి వచ్చి నా ముందే సంతకం పెట్టారని చెప్పాలి, ఎవరూ బతికి లేకపోతే ఆ సంతకాలు గుర్తుపట్టేవాళ్లని వెతుక్కోవాలి, మా అన్నయ్య పాత బ్యాంకు కాగితాలు పట్టుకుని ఎంత తిరిగాడో. అందుకే మీకంటే చిన్నవాళ్లని పెట్టుకోండి, ఆస్తి వచ్చేవాళ్లని మాత్రం సాక్షులుగా వద్దు.

స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ కంపల్సరీ కాదు, 1925 వారసత్వ చట్టం ప్రకారం రాసినవాళ్ల సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించేయమంటా నేనైతే, దొంగ సంతకం అనే నోళ్లు కాస్త తగ్గుతాయి. "ఇల్లు పెద్దోడికి" అని వదిలేయకుండా డోర్ నంబరు, సర్వే నంబరు, హద్దులు రాయండి. పిత్రార్జితమైతే మీ వాటా వరకే రాయగలరు. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివర రాసిందే చెల్లుతుంది.

ఇక ఎగ్జిక్యూటర్, అంటే మీ తర్వాత అప్పులు తీర్చి, బ్యాంకుల చుట్టూ తిరిగి, ఎవరిది వాళ్లకి అప్పజెప్పే మనిషి. పెద్దకొడుకు అని కళ్లు మూసుకుని రాసేస్తారు, వాడేమో అమెరికాలో ఉంటాడు! ఊళ్లో ఉండే, లెక్కలు తెలిసిన కూతురైనా అల్లుడైనా బెటర్, ఆస్తిలో వాటా ఉన్నవాళ్లు కూడా ఉండొచ్చు, కాకపోతే ముందే అడగండి, ఇష్టం లేకపోతే తప్పుకునే హక్కు వాళ్లకుంది.

ప్రొబేట్ అంటే ఈ వీలునామా నిజమైనదే అని కోర్టు వేసే ముద్ర. ఆంధ్రా, తెలంగాణల్లో తప్పనిసరి కాదు, కానీ వారసుల మధ్య గొడవ ఉన్నా, బ్యాంకు వాళ్లు పట్టుబట్టినా తీసుకోవడం మంచిది. మనిషి పోయిన 7 రోజులు దాటాక ఎగ్జిక్యూటర్ జిల్లా కోర్టులో (హైదరాబాదులో అయితే సిటీ సివిల్ కోర్టు) ఒరిజినల్ వీలునామా, డెత్ సర్టిఫికెట్, ఆస్తుల విలువలతో పిటిషన్ వేస్తాడు, వారసులకి నోటీసులు వెళ్తాయి, ఎవరూ అడ్డు చెప్పకపోతే త్వరగానే వస్తుంది, చెప్పారా ఇక అది దావాగా మారి ఏళ్లు పడుతుంది. ఎగ్జిక్యూటర్ పేరే రాయకపోతే ప్రొబేట్ రాదు, దాని బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే వీలునామా ప్రకారం ఆస్తి పంచే అధికారం ఒకరికి ఇస్తూ కోర్టు ఇచ్చే పత్రం, అడగాలి. ఇంకోటి, అసలు ఆ స్థలం పోయినాయనదేనా కాదా అన్నది ఇక్కడ తేల్చరు, దానికి వేరే కేసు.

ఒరిజినల్ ఎక్కడ పెట్టారో కూడా ఎగ్జిక్యూటర్‌కి చెప్పండి బాబూ. మా పెదనాన్నది దినాలన్నీ అయిపోయాక, బీరువాలో పెద్దమ్మ పట్టుచీర మడతల్లో దొరికింది.