టిగ్ టార్చ్‌కు సొంత వాటర్ కూలర్ – 3వ పాఠం: పంపు, రేడియేటర్, నీళ్లు

పోయిన పాఠంలో టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ గ్యాసు రక్షణలో చేసే వెల్డింగ్) టార్చ్ వెనక వచ్చే మూడు గొట్టాలను గుర్తుపట్టడం చూశాం. పని మొదలుపెట్టే ముందు ఒక్కమాట మళ్లీ చెప్పుకుందాం. చల్లటి నీళ్లు సన్న గొట్టంలోంచి ముందు టార్చ్ తలకు పోవాలి, అక్కణ్నుంచి పవర్ కేబుల్ ఉన్న గొట్టంలో వెనక్కి రావాలి. డబ్ల్యూపీ-18 లాంటి టార్చ్‌లో ఆ కేబుల్ రాగి సన్నగా ఉంటుంది. చుట్టూ నీళ్లు పారుతున్నంతసేపే అది 200, 300 ఆంపియర్లు మోస్తుంది. నీళ్లు ఆగితే కొద్దిసేపట్లోనే గొట్టం మెత్తబడి పగులుతుంది.

కూలర్ అనగానే అందరూ రేడియేటర్ వెతకడానికి పోతారు. ఇంట్లో చేసినవి ఎక్కువగా ఫెయిలయ్యేది మాత్రం పంపు దగ్గర. ఎండాకాలం గాలి కూలర్‌లో వాడే 18 వాట్ల మునిగే పంపు చేతికి దొరుకుతుంది కదా అని డబ్బాలో వేస్తారు. దాని మీద ఎత్తు 1.8 మీటర్లు అని రాసి ఉంటుంది. అంటే దాని ఒత్తిడి మొత్తం 0.18 బార్, రెండున్నర పీఎస్‌ఐ. నాలుగు మీటర్ల టార్చ్‌లో, రాగి తీగల పక్క సందుల్లోంచి నిమిషానికి లీటరు నీళ్లు తోయాలంటే 2 నుంచి 3 బార్ కావాలి. కూలర్ పంపు గొట్టం వదిలేసి చూస్తే ధారాళంగా పోస్తుంది, టార్చ్ తగిలించగానే చుక్కలకు వస్తుంది. పంపు కొనేటప్పుడు లీటర్లు కాదు, బార్లు అడగండి.

మన దిక్కు సులువుగా దొరికేది మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లోని 12 వోల్టుల డయాఫ్రం పంపు. పత్తి పండే ప్రాంతం కాబట్టి నల్లగొండలో, దేవరకొండలో, నాగర్‌కర్నూల్‌లో స్ప్రేయర్ రిపేరు చేసే దుకాణాల్లో విడిగా అమ్ముతారు. నిమిషానికి మూడు లీటర్ల దాకా పోసేది తీసుకోండి. పాత స్ప్రేయర్‌ది ఊడదీసి పెట్టొద్దు. పురుగు మందుకు లోపలి రబ్బరు ఉబ్బి ఉంటుంది, పైగా అది విషం. కరెంటుకు సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల 5 ఆంపియర్ల సప్లై సరిపోతుంది. 24 వోల్టుల ఆర్‌ఓ బూస్టర్ పంపూ పనిచేస్తుంది గానీ పారుదల అంచు మీదే ఉంటుంది. 150 ఆంపియర్ల లోపు సన్న పనికైతే పెట్టుకోవచ్చు.

స్ప్రే పంపుకు ఒక ఇబ్బంది ఉంది. దారి మూసుకుంటే ఒత్తిడి 5, 6 బార్లకు ఎక్కి, అప్పుడుగానీ దాని ప్రెషర్ స్విచ్ ఆపదు. టార్చ్ గొట్టాలకు 3.5 బార్ దాటకూడదు. అందుకే పంపు దాటగానే ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టి, ఒక కాలును సన్న వాల్వు ద్వారా తిరిగి ట్యాంకులోకి వదలండి, ఇదే బైపాస్. టీ పక్కనే 0–7 బార్ గేజీ ఉండాలి. టార్చ్ తగిలించి, పంపు నడుస్తుండగా వాల్వును తిప్పుతూ గేజీ 3 బార్ దగ్గర నిలపండి. తర్వాత టార్చ్ దారి పూర్తిగా మడిచి చూడండి, అప్పుడు కూడా 3.5 దాటకపోతే వాల్వు చక్కగా కుదిరినట్టే. దాటితే ఇంకొంచెం తెరవండి. పంపు టక్ టక్‌మని ఆగి ఆగి నడుస్తుంటే బైపాస్ చాలడం లేదని లెక్క.

రేడియేటర్‌ను తిరుగు దారిలో, టార్చ్‌కూ ట్యాంకుకూ మధ్య పెట్టాలి. నీళ్లు బాగా వేడిగా ఉండేది అక్కడే, ఒత్తిడి తక్కువగా ఉండేదీ అక్కడే. పాత రేడియేటర్ అతుకులకు 3 బార్ తట్టుకునే పని ఉండదు. స్క్రాప్‌లో దొరికే పాత కారు హీటర్ కోర్ గానీ, ఇంటి ఏసీ కండెన్సర్ ముక్క గానీ చాలు. నీళ్లు తగిలే భాగం రాగి లేదా ఇత్తడి అయి ఉండాలి. కండెన్సర్ రెక్కలు అల్యూమినియం అయినా ఫర్వాలేదు, నీళ్లు తాకేది రాగి గొట్టాన్నే. లోపల కూడా అల్యూమినియం ఉంటే, టార్చ్‌లోని రాగితో కలిసి కొన్నాళ్లకు బొక్కలు పడుతుంది. ఏసీ ముక్కలో ఆయిలు ఉంటుంది, వేడి సబ్బునీళ్లతో నురగ పోయేదాకా కడగాలి.

వేడి లెక్క కూడా చూద్దాం. నీళ్లలోకి వెయ్యి వాట్లు దిగుతున్నాయనుకుంటే, నిమిషానికి లీటరు పారుదలలో తిరిగొచ్చే నీళ్లు 14 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటాయి. 20 లీటర్ల ట్యాంకు పది నిమిషాల ఆర్కుకు 7 డిగ్రీలు ఎక్కుతుంది. రైలింగ్ పనిలో ఆర్కు ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి శీతాకాలంలో రేడియేటర్ లేకున్నా గడుస్తుంది. అల్యూమినియం మీద ఏసీ కరెంటుతో పెద్ద అతుకులు వేస్తే గడవదు, టంగ్‌స్టన్‌కు వేడి అందులో ఎక్కువ. మే నెలలో ఇంకో చిక్కు. బయట 44 డిగ్రీలుంటే రేడియేటర్ నీళ్లను 44 కంటే కిందికి దించలేదు. షెడ్డులో గాలి కూలర్ ఉంటే దాని గాలి రేడియేటర్ మీదికి తిప్పండి, పొడి ఎండలో పది డిగ్రీల తేడా వస్తుంది. ఆ గాలి అతుకు మీద పడనీయకండి, ఆర్గాన్ చెదిరి పూసకు రంధ్రాలు పడతాయి.

ట్యాంకుకు వెలుతురు దూరని 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. తెల్లదైతే నెల తిరక్కుండానే పాచి పడుతుంది. పీల్చే గొట్టం అడుగుకు అంగుళం పైన ఉండాలి, దాని మూతికి స్ప్రేయర్‌తో వచ్చే జాలీ తొడగండి. తిరుగు గొట్టం నీటి మట్టానికి కొంచెం పైన వదలండి, మూత తీస్తే ధార కనబడుతుంది.

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. టార్చ్‌కు దానితో పేచీ లేదు, పేచీ అంతా బోరు నీళ్లలో కరిగిన లవణాలతో. సున్నం తలలోని సన్న దారిలో పేరుకుంటుంది, లవణాలున్న నీళ్లు హెచ్‌ఎఫ్ కరెంటును (ఆర్కు వెలిగించే హై ఫ్రీక్వెన్సీ కరెంటు) పంపు దాకా మోసుకొస్తాయి. భగీరథ నల్లా నీళ్లూ వద్దు. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ దుకాణాల్లో అమ్మే బ్యాటరీ వాటర్ క్యాన్లు నాలుగు పోయండి. బ్యాటరీ యాసిడ్ క్యాను పక్కనే ఉంటుంది, లేబుల్ చదివి తీసుకోండి. లీకు ఆపే పొడి కలిసిన కారు కూలెంట్ పోస్తే టార్చ్ దారి పూడుతుంది. పాచికి బ్లీచింగ్ వేస్తే ఇత్తడి తినేస్తుంది. కూలర్ బిగించే ఇనుప ఫ్రేముకు ఎర్తింగు తప్పనిసరి.

అన్నీ బిగించాక మెషీన్ ఆన్ చేయకుండానే పరీక్ష చేయండి. తిరుగు గొట్టం లీటరు సీసాలో పెట్టి గడియారం చూడండి. 60 సెకన్లలోపు నిండితే పనికొస్తుంది. 75 పడితే గొట్టం ఎక్కడో మెలిక పడి ఉంటుంది, లేదా బైపాస్ ఎక్కువ తెరిచారు. రెండు నిమిషాలు పడితే తలలో చెత్త ఉంది, గొట్టాలు విప్పి వెనక నుంచి నీళ్లు తోయండి. నీళ్లతో బుడగలు వస్తుంటే లీకు పంపుకు ముందున్న పీల్చే వైపే ఉంటుంది, అక్కడి క్లిప్పు బిగించండి. ఇరవై నిమిషాలు నడిచాక ప్రతి కలయిక కిందా పాత పేపరు పరిచి తడి చూడండి.

నీళ్లు ఆగితే ట్రిగ్గర్ పనిచేయకుండా చేసే ఫ్లో స్విచ్ వచ్చే పాఠంలో. అది పెట్టేదాకా 100 ఆంపియర్లు దాటొద్దు, మూత తెరిచి ధార చూస్తూనే పని చేయండి.