మన కారు, మన చేతులు – 6వ పాఠం: చక్రాలు మార్చాక ఆరని పసుపు లైటు

పోయిన పాఠంలో జాకీ ఎక్కడ ఆనించాలో, నట్లు ఎదురెదురుగా ఎలా బిగించాలో చూశాం. 50 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు ఇంకోసారి చూడమన్నాం. ఆ పని ఇంకా చెయ్యకపోతే ముందు అది చేసి రండి.

ఇప్పుడు చక్రాలు మారాయి, కారు నడుస్తోంది, కానీ మీటరులో ఒక పసుపు గుర్తు వెలిగింది. గుర్రపునాడా ఆకారం, కింద పళ్ళు, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైరును అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మే అది. టైర్లలో గాలి ఒత్తిడిని కనిపెట్టి చెప్పే ఏర్పాటు (టీపీఎంఎస్) లైటు ఇది. షాపువాళ్ళని అడిగితే తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: "గాలి కరెక్టుగానే పెట్టినాం సార్, రెండు రోజులు తిరిగితే అదే పోతాది." కొన్ని కార్లలో నిజంగానే పోతుంది. కొన్నింటిలో నెలలు తిరిగినా పోదు. మీది ఏ రకమో పోల్చుకోవడమే ఈ పాఠం.

మొదటి పని: ఒకటిన్నర నిమిషం చూడటం

ఏమీ ముట్టుకోకుండా తాళం ఆన్ చేసి మీటరు వైపే చూడండి. అన్ని లైట్లూ ఒకసారి వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోతాయి, అది బల్బుల పరీక్ష. తర్వాత ఈ పసుపు గుర్తు ఏం చేస్తుందో గమనించండి. కదలకుండా నిలకడగా వెలుగుతూనే ఉంటే ఏదో ఒక టైరులో గాలి తక్కువని కారు చెబుతోందని అర్థం. ఒక నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం దాకా టపటపా కొట్టుకుని ఆ తర్వాత నిలకడగా వెలిగితే సంగతి వేరు. అప్పుడు గాలి గురించి కారు ఏమీ చెప్పడం లేదు. తనకు చక్రాల నుంచి కబురు అందడం లేదని చెబుతోంది. అమెరికా నిబంధనల వల్ల పుట్టిన ఈ పద్ధతినే చాలా కంపెనీలు అన్ని దేశాల కార్లలోనూ పాటిస్తున్నాయి.

చిక్కు ఎక్కడంటే, కొట్టుకోవడం అయిపోయాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంటి దగ్గర స్టార్ట్ చేసి ఫోన్ చూసుకుంటూ బయల్దేరి, రేణిగుంట రోడ్డెక్కాక మీటరు చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అందుకే గాలి అంతా సరిగ్గా ఉన్నా మళ్ళీ మళ్ళీ గాలి కొట్టించేవాళ్ళు అంతమంది ఉంటారు.

పసుపు లైటుతో పాటు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు కూడా వెలిగితే ఈ పాఠం పక్కన పెట్టండి. చక్రం వెనక ఉండే స్పీడ్ సెన్సారు వైరు లాగేసి ఉండొచ్చు, ముందు అది చూపించండి.

గాలి: చల్లటి టైరు లెక్క

లైటు నిలకడగా ఉందనుకుందాం. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. అందులో 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే అది చల్లటి టైరుకు చెప్పిన లెక్క. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. కంపెనీ 2.3 బార్ అనో 230 కిలోపాస్కల్ అనో రాసినా అదే 33.

వేడి టైరులో 33 పెడితే ఏమవుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చిత్తూరు నుంచి ఎండలో వచ్చి, తిరుపతిలో చక్రాలు మార్పించి, ఊరంతా తిరిగి బంకు దగ్గర ఆగారు. టైరులో గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. మెషీన్లో 33 పెట్టారు. గేజీ చూపించేది బయటి వాతావరణం కంటే ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే కాబట్టి వాతావరణపు 14.5 కలపాలి, మొత్తం 47.5. తెల్లవారుజామున టైరు 25 డిగ్రీలకు చల్లారింది. సెల్సియస్‌కు 273 కలిపి లెక్కిస్తే 47.5 × 298 ÷ 333 = 42.5. దాంట్లోంచి 14.5 తీసేస్తే మిగిలేది 28. నిన్న 33 పెట్టించిన టైరులో ఈరోజు 28 ఉంది, ఎక్కడా పంచరు లేదు. ఇంకో రెండు పడితే లైటు వెలిగే హద్దు దగ్గరికి వచ్చేస్తారు. ఆ హద్దు చాలా కార్లలో స్టిక్కరు అంకె కంటే 20 నుంచి 25 శాతం కింద ఉంటుంది, అంటే 33కి దాదాపు 26.5 నుంచి 25 వరకు. నైట్రోజన్ ఎక్కించినా ఈ లెక్క మారదు, వాయువు ఏదైనా చల్లారితే ఒత్తిడి తగ్గుతుంది.

ఇక్కడివాళ్ళకు ఇంకో అనుమానం ఉంటుంది, కొండ ఎక్కితే గాలి తగ్గి లైటు వస్తుందా అని. అలిపిరికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. అంత ఎత్తుకు వాతావరణ ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, కాబట్టి గేజీలో అంకె ఒకటి పెరగాలి. పైన ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటే ఇంచుమించు ఒకటి తగ్గుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. కాబట్టి ఘాట్ రోడ్డు మీద లైటు వచ్చిందంటే కొండను తిట్టుకోకండి, టైరు చూడండి.

సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. ఒక బంకు గేజీకీ ఇంకో బంకు గేజీకీ రెండు మూడు పీఎస్‌ఐ తేడా రావడం మామూలే. నాలుగు టైర్లూ ఒకే గేజీతో కొలిస్తే కనీసం వాటి మధ్య తేడా నమ్మొచ్చు. కొత్తగా మార్చిన చక్రం ఒక్కటే రోజుకు ఒకటి రెండు చొప్పున దిగుతుంటే సబ్బునీళ్ళు తీసుకోండి. ముందు వాల్వు పిన్ను మీద, తర్వాత వాల్వు మొదట్లో, చివరికి రిమ్ము అంచు చుట్టూ పొయ్యండి. పాత అల్లాయ్ రిమ్ముల్లో అంచుకు పట్టిన తుప్పు, మురికి గీకకుండా టైరు ఎక్కిస్తే అక్కడే సన్నగా బుడగలు వస్తాయి.

మీ కారులో సెన్సారు ఉందా, లెక్క ఉందా?

ఒక్కో చక్రానికి విడివిడిగా అంకెలు మీటరులో కనిపిస్తే ప్రతి చక్రం లోపలా సెన్సారు ఉన్నట్టే. అంకెలు లేకుండా లైటు మాత్రమే ఉండి, మెనూలో గాలి ఒత్తిడి రీసెట్ లాంటిది ఉంటే చాలావరకు సెన్సారు లేని రకం. రీసెట్ బటన్ ఉన్నంత మాత్రాన సెన్సారు లేదని తేల్చకండి, సెన్సార్లున్న కొన్ని కార్లకూ బటన్ ఉంటుంది. మాన్యువల్ చూస్తే ఖాయంగా తెలుస్తుంది.

సెన్సారు లేని రకం ఏబీఎస్ స్పీడ్ సెన్సార్లతోనే పని కానిస్తుంది. గాలి తగ్గిన టైరు కొంచెం చిన్నదవుతుంది, చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. కారు ఆ తేడానే పట్టుకుంటుంది. గాలి తగ్గడం వల్ల వచ్చే తేడా చాలా చిన్నది, శాతం కూడా ఉండదు. అందుకే ఒక్క టైరే కొత్తది వేస్తే ఇది తికమక పడుతుంది. 195/65 ఆర్15 టైరు వ్యాసం 634.5 మిల్లీమీటర్లు, కిలోమీటరుకు దాదాపు 502 చుట్లు. అదే టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే 510 చుట్లు. ఒక కొత్త టైరు, మూడు అరిగిన టైర్లు వేసుకుని పాత లెక్కతోనే తిరిగితే, లైటు రావడంలో కారు తప్పు లేదు.

ఈ రకానికి మందు రీసెట్. కానీ రీసెట్ అంటే మరమ్మతు కాదు, "ఇప్పుడున్నదే సరైనది, గుర్తుంచుకో" అని కారుకు చెప్పడం. 24 పీఎస్‌ఐ ఉన్నప్పుడు రీసెట్ నొక్కితే లైటు బుద్ధిగా ఆరిపోతుంది, 24నే సరైన గాలి అనుకుంటుంది. లైటు కనిపించగానే రీసెట్ నొక్కే అలవాటు అన్నిటికంటే ప్రమాదం. ముందు నాలుగింటికీ చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచెయ్యాలి. తర్వాత తాళం ఆన్‌లో ఉంచి, బండి ఆగి ఉండగా, బటన్ రకమైతే లైటు కొట్టుకునేదాకా మూడు సెకన్లు నొక్కి పట్టాలి, మెనూ రకమైతే అందులో ఎంచుకోవాలి. ఆ తర్వాత అరగంట దాకా, 40 పైన, ఒకే తీరుగా నడపాలి. లీలామహల్ సెంటరు ట్రాఫిక్కులో అరగంట తిరిగితే పనికిరాదు. చంద్రగిరి దాటి చిత్తూరు హైవే మీద వెళ్ళి రండి.

సెన్సారున్న చక్రాలు

అసలు పని ఉండేది ఇక్కడే. సెన్సారు వాల్వుకు లోపలి వైపు బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల బ్యాటరీ, ఒత్తిడి కొలిచే చిప్పు, చిన్న రేడియో ఉంటాయి. మన దేశపు కార్లలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్, అమెరికా మోడళ్ళలో ఎక్కువగా 315. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని 315ది తెప్పిస్తే మీ కారు చెవికి అది వినపడనే వినపడదు. ప్రతి సెన్సారుకూ సొంత నంబరు ఉంటుంది, కారు తన నాలుగు నంబర్లే వింటుంది. పక్కన ఆగిన కారు సెన్సార్లు అరిచినా పట్టించుకోదు.

కాబట్టి రిమ్ములు మార్చినప్పుడు జరిగేవి ఇవి. కొత్త అల్లాయ్‌లలో సెన్సార్లే లేవు, మామూలు రబ్బరు వాల్వులు వేశారు. లేదా సెన్సార్లున్నాయి కానీ వాటి నంబర్లు కారుకు తెలియవు. లేదా పాత సెన్సార్లే మార్చి పెట్టారు, పెట్టేటప్పుడు ఒకటి విరిగింది. మొదటిది ఎక్కువగా రిమ్ముల ఎక్స్చేంజిలో అవుతుంది. పాత రిమ్ములు షాపుకిచ్చేసి కొత్తవి తీసుకుంటే లోపలి సెన్సార్లు కూడా వాటితో పాటే వెళ్ళిపోతాయి. బేరం కుదరకముందే "పాతవాటిలో సెన్సార్లు తీసి వీటికి వెయ్యాలి" అని చెప్పండి. వాల్వు లోహంతో ఉండి బయట నట్టు కనిపిస్తే లోపల సెన్సారు ఉండే అవకాశం ఎక్కువ. రబ్బరు వాల్వయితే చూసి చెప్పలేం.

టైరు విప్పేటప్పుడు దగ్గరే నిలబడండి. మెషీను పక్కన ఉండే పార టైరును రిమ్ము నుంచి ఊడదియ్యడానికి నొక్కుతుంది. అది వాల్వు దగ్గర పడితే సెన్సారు పుటుక్కుమంటుంది. వాల్వుకు సరిగ్గా ఎదురు వైపు నొక్కమనండి. మళ్ళీ బిగించేటప్పుడు రబ్బరు వాషరు, నట్టు, పిన్ను కొత్తవి వెయ్యాలి. వాల్వు నట్టుకు నాలుగు నుంచి ఎనిమిది న్యూటన్ మీటర్ల బిగువు చాలు, చక్రం నట్టు బిగువులో పదో వంతు కూడా కాదు. గట్టిగా లాగితే వాల్వు మెడ విరుగుతుంది. పిన్ను మీద నికెల్ పూత ఉన్నదే కావాలి. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియం వాల్వులో కొన్నాళ్ళకు తుప్పుతో కరుచుకుపోతుంది, తీయబోతే వాల్వే ఊడొస్తుంది. తళతళలాడే లోహపు మూతలకూ అదే జబ్బు, ప్లాస్టిక్ మూతే మేలు. పంచరు కాకుండా ముందే పోసే లిక్విడ్ కూడా వద్దు. అది సెన్సారు రంధ్రానికి అంటుకుని ఎండిపోతుంది, అంకె అక్కడే నిలిచిపోతుంది.

బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళు వస్తుంది. డబ్బాను జిగురుతో మూసేస్తారు కాబట్టి మార్చలేం. కరకంబాడిలో అంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టుకున్నా ఈ నాణెమంత బ్యాటరీకి మన దగ్గర వైద్యం లేదు. ఏడెనిమిదేళ్ళ కారుకు ఒక సెన్సారు పోతే మిగతా మూడూ వరుసలోనే ఉన్నట్టు. ఎలాగూ టైర్లు మారుస్తుంటే నాలుగూ ఒకేసారి వేయించుకోండి, కూలి ఒక్కసారే పడుతుంది.

ఇక నంబర్లు చెప్పడం. కొన్ని కార్లు తమంతట తామే నేర్చుకుంటాయి. బండిని 20 నిమిషాలు ఆపి, తర్వాత ఇంకో 20 నిమిషాలు 40 పైన నడిపితే చాలు. ఆగి ఉన్నప్పుడు సెన్సార్లు నిద్రపోతాయి, చక్రం తిరిగితే లేస్తాయి. షాపువాళ్ళు "అదే పోతాది" అనేది ఇలాంటి కార్లను చూసే. కొన్నింటికి చేతిలో పట్టుకునే టీపీఎంఎస్ టూల్ కావాలి. దాన్ని వాల్వు దగ్గర పెట్టి ఒక్కో సెన్సారునూ లేపాలి, వరుస మాన్యువల్లో ఉంటుంది, మామూలుగా ఎడమ ముందు చక్రంతో మొదలు. ఇంకొన్నింటికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్ (కారు కంప్యూటరుకు టూల్ తగిలించే చోటు) నుంచి నంబర్లు ఎక్కించాలి. కొత్త సెన్సారుకు పాతదాని నంబరే నకలు రాయగలిగే రకాలున్నాయి, దొరికితే అవే తీసుకోండి, కారును ముట్టుకునే పనే ఉండదు.

అన్నీ చేశాక కూడా అప్పుడప్పుడూ కబురు తెగిపోతుంటే చార్జరు, డాష్‌క్యామ్ లాంటివి పీకి ఒక రోజు నడిపి చూడండి. నాసిరకం చార్జర్ల రొద రేడియోకు అడ్డం పడుతుంది.

చక్రాలను ముందూ వెనకా మార్చుకున్నప్పుడు లైటు రాకపోవచ్చు, కానీ అంకెలు తప్పు మూలల్లో కనిపించొచ్చు. దీన్ని తేల్చడం తేలిక. ఒక టైరులో నాలుగు పీఎస్‌ఐ తీసి, కొంచెం దూరం నడిపి, ఏ మూల అంకె తగ్గిందో చూడండి. వేరే మూలలో తగ్గితే నంబర్లు మళ్ళీ చెప్పాలి.

స్టెప్నీ సంగతి చిన్నదే. దాంట్లో సాధారణంగా సెన్సారు ఉండదు, అది వేసినంతకాలం స్టార్ట్ చేసినప్పుడల్లా లైటు కాసేపు కొట్టుకుని తర్వాత నిలకడగా వెలుగుతుంది. పంచరు వేయించి అసలు చక్రం తిరిగి పెట్టాక కాసేపు నడిపితే ఆరుతుంది.

అభ్యాసం (జవాబులు వచ్చే పాఠం మొదట్లో)

1. నాలుగు టైర్లలోనూ నెమ్మదిగా, సమానంగా గాలి తగ్గి 25కి వచ్చింది. సెన్సారు లేని కారు ఎందుకు పట్టుకోలేకపోవచ్చు?

2. మధ్యాహ్నం 38 డిగ్రీల్లో, ఆగి ఉన్న బండికి 33 పెట్టారు. తెల్లారి 20 డిగ్రీలు. గేజీ ఎంత చూపించాలి? పైన వేసిన లెక్కే వెయ్యండి.

3. కొత్త అల్లాయ్‌లు వేయించి కాణిపాకం వెళ్ళొచ్చారు. రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే లైటు నిమిషం పైన కొట్టుకుని తర్వాత నిలకడగా వెలుగుతోంది. గాలి నాలుగింటా 33. షాపుకు వెళ్ళి మొదట అడగాల్సిన ప్రశ్న ఏమిటి?

వచ్చే పాఠం: 80 దాటితే స్టీరింగ్ వణుకు – బ్యాలెన్సింగా, అలైన్‌మెంటా, వంగిన రిమ్మా?